రాయని మెథడ్ పలికితే.. పేరు ఎవరు పెట్టారో చూడాలి

వెబ్‌సైట్ సభ్యుల్లో ఒకరిని ఈమెయిల్‌తో వెతకాలి, మరొకరిని ఫోన్ నంబరుతో, ఇంకొకరిని ఊరి పేరుతో. ఒక్కోదానికి ఒక్కో మెథడ్ రాస్తూ పోతే అదే కోడ్ పదిచోట్ల పేరుకుపోతుంది. ఈ చాకిరీని తప్పించేవే డైనమిక్ మెథడ్స్.

మామూలుగా క్లాసులో లేని మెథడ్‌ను పిలిస్తే ఎర్రర్ వస్తుంది. రూబీ భాషలో మాత్రం ఎర్రర్‌కు ముందు ఆ పేరు 'మెథడ్ మిస్సింగ్' అనే మెథడ్‌కు చేరుతుంది. ఏం చేయాలో అక్కడ ప్రోగ్రామరే నిర్ణయించవచ్చు. పీహెచ్‌పీలో 'కాల్' అనే మ్యాజిక్ మెథడ్‌ది ఇదే పని.

2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్ ఈ వెసులుబాటును బాగా వాడుకుంది. 'ఫైండ్ బై ఈమెయిల్' అని పిలిస్తే చాలు, పేరులోంచి 'ఈమెయిల్' అనే ముక్కను విడదీసి, ఆ కాలమ్‌లో వెతికే ఎస్‌క్యూఎల్ క్వెరీని అదే తయారుచేసేది.

ఈ సౌకర్యంలోనే ఒక లోపం దాగి ఉందని 2013 జనవరిలో బయటపడింది. వెతకాల్సిన విలువ మామూలు అక్షరాలుగా కాక ప్రత్యేక రూపంలో వస్తే, ఆ మెథడ్ దాన్ని విలువగా కాకుండా క్వెరీని మార్చే ఆదేశంగా తీసుకునే వీలుంది. అంటే బయటివాళ్లు డేటాబేస్‌లోకి తమ ఎస్‌క్యూఎల్‌ను చొప్పించవచ్చు. 3.2.10తో పాటు పాత శ్రేణులకూ సవరించిన వెర్షన్లు వెంటనే విడుదలయ్యాయి. అదే ఏడాది వచ్చిన రెయిల్స్ 4 ఇలాంటి మెథడ్స్‌లో చాలావాటిని పక్కనపెట్టే దారి పట్టింది. కాలమ్ పేరును మెథడ్ పేరులో కలపకుండా, 'ఫైండ్ బై'కి విడిగా ఇచ్చే పద్ధతిని ముందుకు తెచ్చింది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం, పిలవాల్సిన మెథడ్ పేరునే బ్రౌజర్ నుంచి తీసుకోవడం. యూఆర్‌ఎల్‌లో 'చూపించు' అని ఉండాల్సిన చోట ఎవరైనా 'తొలగించు' అని రాస్తే? రూబీలోని 'సెండ్' ప్రైవేట్ మెథడ్స్‌ను కూడా పిలిచేస్తుంది. 'పబ్లిక్ సెండ్' వాటిని అడ్డుకుంటుంది కానీ, తొలగించే మెథడ్ పబ్లిక్ అయితే అదీ కాపాడలేదు.

అందుకే అనుమతించిన పేర్ల జాబితా ఒకటి కోడ్‌లోనే ఉండాలి. అందులో లేని పేరు వస్తే తిప్పికొట్టాలి. పేర్లు ముందే తెలిస్తే 'డిఫైన్ మెథడ్'తో క్లాసు లోడయ్యేటప్పుడే సృష్టించుకోవడం మేలు. అప్పుడు ఏ మెథడ్స్ ఉన్నాయో ఆబ్జెక్ట్‌నే అడిగి తెలుసుకోవచ్చు. శ్రమ తగ్గించే పని డైనమిక్ మెథడ్‌కు అప్పగించవచ్చు. ఏది నడవాలో తేల్చే అధికారం మాత్రం ప్రోగ్రామర్ చేతిలోనే ఉండాలి.