పార్శ్వపు నొప్పి – గృహిణుల జాగ్రత్తలు

తలనొప్పి ప్రతి యింటను వినబడు మాటయే. కాని తల యొక ప్రక్కను సుత్తితో మోదినట్లు అదరుచు, వెలుతురు చూడనీయక, చప్పుడు విననీయక, వాంతులతో మనిషిని మంచము పట్టించునది వేఱు. దానిని పార్శ్వపు నొప్పి యనియు, ఆయుర్వేదమున అర్ధావభేదక మనియు వ్యవహరింతురు. మందు పుచ్చుకొననిచో నిది 4 గంటలు మొదలు 72 గంటలవఱకు బాధించును. పురుషులకంటె స్త్రీలలో సుమారు మూడు రెట్లధికము. ఋతుకాలమున ఈస్ట్రోజెను తగ్గుట యిందుల కొక కారణము. ఇది మెదడునకు, నరములకు సంబంధించిన వ్యాధి. కావున పనికి జంకి పడుకొన్నదని కోడలినో కూతురినో నిందించుట న్యాయము కాదు.

హైదరాబాదునకు తూర్పున నున్న ఉప్పలు, నాచారము ప్రాంతముల స్త్రీల దినచర్యను చూడుడు. తెల్లవారకముందే వంట ముగించి, తాము తినకయే యొకరు నాచారము పారిశ్రామికవాడకు, మఱియొకరు 2017లో ఆరంభమైన మెట్రో రైలులో దూరపు టుద్యోగమునకు పరుగెత్తుదురు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. వరంగల్లు రహదారిపై 2018లో మొదలైన పైవంతెన పనులవలన ఏండ్లతరబడి దుమ్ము, రొద తప్పలేదు. ఆకలి, నిద్రలేమి, ఎండ, రొద – ఒక్కొక్కటి చిన్నదే. రెండు మూడు కలిసిననాడు నొప్పి లేచును.

నివారణమున కివి ముఖ్యములు. వేళకు భుజింపవలయును, ఇంటివారందఱు తినువఱకు ఆగవలదు. నీరు వెంట నుంచుకొనవలయును. సెలవుదినమున సైతము నిత్యమువలెనే నిద్ర లేవవలయును. అతినిద్రయు నొప్పి తెచ్చును. కాఫీ, తేనీరు మితముగా, ప్రతిదినము ఒకే వేళకు త్రాగుట మేలు. ఉపవాసము చేయువారు పాలు, పండ్లు, మజ్జిగ నడుమనడుమ పుచ్చుకొనుడు. అగరువత్తుల పొగ, తాళింపు ఘాటు పడనివారు కిటికీలు తెఱచియుంచుడు. నొప్పి వచ్చిన తేది, ముందటి రేయి నిద్ర, ఆహారము, ఋతుదినములు ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనినచో, రెండు మూడు నెలలలో ఎవరి కేది పడదో తెలియగలదు. ఎవరో చెప్పిరని అన్ని పదార్థములు మానుట తగదు.

నొప్పి మొదలగుచుండగనే వైద్యుడు చెప్పిన మాత్ర వేసికొని, చీకటిగదిలో నుదుట చల్లని తడిగుడ్డ వేసికొని పరుండవలయును. ఆలస్యమైన కొలది మందు గుణము తగ్గును. అయితే వట్టి నొప్పిమాత్రలను నెలకు 15 దినములు, ట్రిప్టానులను, మిశ్రమపు మాత్రలను 10 దినములు, అంతకు మించి నెలలతరబడి మ్రింగినచో, ఆ మాత్రలే తలనొప్పికి కారణమగును. నెలకు నాలుగైదు దినములు బాధపడువారికి నొప్పి రాకుండ నిత్యము వాడు మందులు కలవు, వైద్యు నడుగుడు. బీమాగల కార్మికులకును వారి కుటుంబములకును నాచారమున ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది. గర్భిణులు స్వయముగా నే మందును వాడరాదు. నొప్పికి ముందు కన్నుల యెదుట వంకరటింకర మెఱుపులు కనబడువారు గర్భనిరోధపు మాత్రలు వాడుటకు ముందు ఆ సంగతి వైద్యునికి చెప్పితీరవలయును. ఈస్ట్రోజెనుగల మాత్రలు వారికి పక్షవాతభయమును పెంచును.

ఎన్నడు నెఱుగని తీవ్రమైన నొప్పి యొక్కసారిగా వచ్చినను, మాట తడబడినను, కాలుసేతులు పట్టుదప్పినను, జ్వరముతో మెడ బిగిసినను, 50 ఏండ్లు దాటినపిదప క్రొత్తగా నొప్పి మొదలైనను, దానిని పార్శ్వపు నొప్పి యని యుపేక్షింపక తక్షణమే ఆసుపత్రికి పోవలయును.

ఇల్లాలు ఒక పూట పరుండిన ఇల్లు మునిగిపోదు. ఆ పూట పొయ్యి వెలిగించి, పిల్లల సందడి నణచి, తలుపు దగ్గఱగా వేయువారు ఆమెకు మందుతో సమానమైన మేలు చేసినవారగుదురని మేము నమ్ముచున్నాము.