బోల్టుకూ రంధ్రానికీ మధ్య సందు

2011 సెప్టెంబరు 16న అమెరికాలోని రెనో విమాన పందేల్లో పీ-51 మస్టాంగ్ అనే పాత యుద్ధవిమానం ప్రేక్షకులకు దగ్గరగా కూలింది. పైలట్‌తో కలిపి 11 మంది చనిపోయారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో కారణం తోక దగ్గర దొరికింది. ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలకను బిగించిన లాక్‌నట్ల లోపలి పట్టు పాతబడి చెడిపోయింది. దాంతో స్క్రూలు వదులయ్యాయి, పందెం వేగానికి పలక కొట్టుకోవడం మొదలైంది.

అది కర్మాగారంలో పుట్టి, పందేల కోసం మార్పులు చేసుకున్న విమానం. ఇంటి షెడ్డులో సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకు ఈ పాఠం ఇంకా దగ్గరిది. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇలాంటివాళ్లకు పెద్ద అండ. అమెరికా నిబంధన ప్రకారం ఇలాంటి విమానం పనిలో ఎక్కువ భాగం ఔత్సాహికులే చేయాలి. అంటే రంధ్రాలు తొలిచేదీ వాళ్లే.

అరిగిన సైకిల్ పెడల్‌ను చేత్తో ఊపితే టక్కుమని ఆడుతుంది చూడండి, మెకానిక్కులు ‘ప్లే వచ్చింది’ అంటారు. విమానం తోక దగ్గర కదిలే ఎలివేటర్ అనే పలకను గాలి నెట్టినప్పుడు ఎదురు నిలిచి పట్టి ఉంచేవి లోపలి కడ్డీలు. కీళ్లలో సందు ఉన్నంత మేర ఆ పట్టు పలకకు అందదు. ఆ కాస్త దూరంలో పలక తాడు వదిలిన తెరచాప లాంటిది. దాని ఊగిసలాటకు గాలే బలం పోస్తే అదే ఫ్లట్టర్. క్షణాల్లో పలక చిరిగి ఊడిపోవచ్చు.

సందు ఎంతని? ఏఎన్3 రకం బోల్టు కాడ మందం 0.186 నుంచి 0.189 అంగుళం దాకా ఉండవచ్చు. రంధ్రం 0.190 అయితే, సన్నపాటి బోల్టు దొరికినప్పుడు అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు ఖాళీ. ఇలాంటి కీళ్లు వరసగా నాలుగుంటే 16 వంతులు. ఎలివేటర్‌ను తిప్పే కొమ్ము పొడవు 2 అంగుళాలు, పలక వెనక అంచు బందు నుంచి 14 అంగుళాల దూరం అనుకుందాం. సందు ఏడింతలై, అంచు దగ్గర దాదాపు 3 మిల్లీమీటర్ల ఆట కనిపిస్తుంది.

మందు మొదట రంధ్రంలో ఉంది. పల్చని రేకును డ్రిల్ బిట్టుతో నేరుగా తొలిస్తే రంధ్రం గుండ్రంగా రాదు, మూలలు తేలుతుంది. కొద్దిగా చిన్నగా తొలిచి, రీమర్‌తో అసలు కొలతకు తేవాలి. ఆ తర్వాత, తలపై త్రిభుజం గుర్తున్న క్లోజ్ టాలరెన్స్ బోల్టులు. వీటి కాడ మందంలో తేడా వెయ్యో వంతులో సగం మాత్రమే. ఖరీదెక్కువే, కానీ కంట్రోల్ కీళ్ల దగ్గర ఆ డబ్బుకు వెనకాడవద్దని నా అభిప్రాయం. హార్డ్‌వేర్ కొట్టు బోల్టుకు చాలాసార్లు కింది నుంచి పైదాకా మరలే ఉంటాయి. అలాంటిది రంధ్రంలో పెడితే మరలు ఆకురాయిలా గోడను అరగదీస్తాయి. రంధ్రంలో ఉండాల్సింది నున్నటి కాడ.

మంచి బోల్టు కొన్నవాళ్లు కూడా ఒకచోట తప్పుతారు. కడ్డీ చివర ఉండే రాడ్ ఎండ్ బేరింగ్‌లో తిరగాల్సింది లోపలి గోళం. బోల్టు, ఆ గోళం, పక్కనున్న బుష్షులు ఒకే ముద్దలా బిగియాలి. బిగింపు చాలకపోతే బోల్టే రంధ్రంలో తిరుగుతుంది, కొన్నాళ్లకు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బోల్టు తిరగక తప్పని కీలులో క్యాజిల్ నట్టు, దానికి కాటర్ పిన్ వేయాలి. వేళ్లతోనే చివరిదాకా తిరిగిపోయే లాక్‌నట్టును పారేయాలి.

అలాగని సుత్తితో దిగగొట్టేంత బిగువు పెడితే కీలు పట్టేసి, పైలట్ పట్టుకునే స్టిక్ బరువు చేతికి తెలియకుండా పోతుంది. సందు తగ్గించినంత మాత్రాన పలకకు పెట్టాల్సిన తూకపు బరువు మానేయడమూ కుదరదు.

విమానం కట్టుకుంటున్న మిత్రులారా, మొదటిసారి ఎగిరే ముందు స్టిక్‌ను కదలకుండా కట్టేసి, ఎలివేటర్ వెనక అంచును రెండు వేళ్లతో పట్టి మెల్లగా ఊపండి. టక్కుమంటే, ఆ చప్పుడు ఏ కీలులోంచి వస్తోందో దొరికేదాకా నేల విడవకండి.