డీజిల్‌కు అమెరికాలో చోటెందుకు లేదు?

మైత్రివనంలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి డల్లాస్ వెళ్లిన కొడుకు “ఇక్కడ డీజిల్ కార్లు కనబడవు నాన్నా” అన్నాడట. పంజగుట్ట సిగ్నల్‌లో ఇన్నోవాల వరసే ఉంటుందే, అక్కడేం వచ్చిందని అమీర్‌పేట పాఠకుడి ప్రశ్న.

పన్ను సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. అమెరికా కేంద్ర పన్ను గ్యాలన్ పెట్రోలుకు 18.4 సెంట్లు, డీజిలుకు 24.4. దానికి తోడు 1978లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ వి8 హెడ్ బోల్టులు నిలవక పరువు తీసింది. అసలు తగాదా మాత్రం నైట్రోజన్‌తో.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదహారో వంతుకో, ఇంకా తక్కువకో నొక్కితే వచ్చే వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఆ మంటలో, మామూలుగా ఎవరితోనూ కలవని నైట్రోజన్ కాస్తా ఆక్సిజన్‌తో జట్టు కట్టి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. పెట్రోల్ ఇంజన్‌లోనూ ఇదే జరుగుతుంది. తేడా అంతా సైలెన్సర్ దారిలో! పెట్రోల్ కారులో గాలి 14.7 పాళ్లు, ఇంధనం ఒక పాలు. ఆక్సిజన్ దాదాపు మిగలదు. పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌లో రోడియం పూత మీద కార్బన్ మోనాక్సైడ్‌కు ఆక్సిజన్ కావాలి, వేరే దిక్కులేక నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర లాక్కుంటుంది. ఒకే దెబ్బకు రెండు విషాలూ ఖతం. డీజిల్ పొగలోనో, ఆక్సిజన్ పుష్కలం. ముందు విస్తరి నిండుగా ఉంటే పక్కవాడి ముద్ద ఎవరు లాక్కుంటారు? నైట్రిక్ ఆక్సైడ్ చెక్కుచెదరదు. దాన్ని విరగ్గొట్టాలంటే సాధారణంగా పొగలోకి యూరియా ద్రావణం చల్లి అమ్మోనియా పుట్టించాలి. అంటే ఇంకో ట్యాంకు, పంపు, ఖర్చు.

యూరప్ డీజిల్‌ను ముద్దు చేసింది: యూరో 5 నిబంధనల్లో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు పెట్రోలుకు 60 మిల్లీగ్రాములు, డీజిలుకు 180. అమెరికా ఏ ఇంధనానికైనా ఒకే గీత గీసింది, కంపెనీ సగటు కిలోమీటరుకు సుమారు 43. వోక్స్‌వ్యాగన్ జెట్టాకు యూరియా కూడా అక్కర్లేదంది. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బృందం కారును రోడ్డెక్కించి కొలిచేసరికి గుట్టు కదిలింది. 2015 సెప్టెంబరులో బట్టబయలైంది: చక్రాలు తిరుగుతున్నా స్టీరింగ్ కదలకపోవడం లాంటి గుర్తులు చూసి ఇది పరీక్షేనని కారులోని కోడ్ పసిగట్టేది. అప్పుడు మాత్రమే పొగ శుద్ధి పూర్తిగా పనిచేసేది. అమీర్‌పేటలో తొలివారం నేర్పే ఇఫ్-ఎల్సే!

2020 ఏప్రిల్‌లో మనకూ బీఎస్-6 వచ్చింది. డీజిల్ కారు గీత 250 నుంచి 80కి దిగింది. మారుతి డీజిల్‌కు దణ్ణం పెట్టేసింది. శుద్ధి సరంజామా ఖర్చు పెద్ద బండి ధరలో కలిసిపోతుంది గానీ స్విఫ్ట్ ధరలో కలవదు మరి. లీటరుకు ఇరవై కిలోమీటర్లు చూసినవాళ్ల గోల ఎవరు వింటారు?