మందిరానికి ఐదు తీగల బాస్ గిటారు కొనేముందు

మిరప కోతలు ముగిసి, యార్డుకు వెళ్ళిన బస్తాల డబ్బు ఇళ్ళకు చేరే రోజుల్లో మన పల్లె సంఘాలలో ఒక మాట లేస్తుంది: ఈ ఏడు మందిరానికి ఏం కొందాం? ఒకప్పుడది హార్మోనియం, తబలా. తర్వాత మైకు సెట్టు, కీబోర్డు, ప్యాడ్లు వచ్చాయి. ఇప్పుడు గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో మన యౌవనస్థులు అడుగుతున్నది బాస్ గిటారు, అందులోనూ ఐదు తీగలది. "నాలుగు తీగలది చాలదా?" అని పెద్దలు అంటారు. పత్తి తీసిన కూలిలో నుండి వేసిన కానుకతో కొనే వస్తువు గనుక పెద్దల ప్రశ్న న్యాయమైనదే. పిల్లల కోరికలోనూ న్యాయం ఉంది.

1951లో అమెరికాలో లియో ఫెండర్ అమ్మకానికి తెచ్చిన ప్రెసిషన్ బాస్‌కు నాలుగే తీగలు. వాటిలో అన్నిటికంటె మందమైన తీగ 'ఇ' స్వరం పలుకుతుంది. హార్మోనియం వాయించేవారి లెక్కలో అది మూడు శృతి. మన మందిరాలలో స్త్రీలూ పురుషులూ కలిసి పాడే పాటలు తరచు ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర శృతులలో నడుస్తాయి. ఆ పాటల షడ్జమం క్రింది స్థాయిలో నాలుగు తీగల బాస్ మీద దొరకదు. పై స్థాయిలో వాయించుకోవాలి. ఐదవ తీగ ఇంకా క్రిందికి, 'బి' వరకు దిగుతుంది. సెకనుకు సుమారు 31 కంపనలు. అప్పుడు ఈ నాలుగు శృతుల షడ్జమాలూ చేతికింద ఉంటాయి. రాగం మీద నడిచే మన పాత కీర్తనలకైతే ఇది మరీ అవసరం. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనకు బాస్ పరుగులు పెట్టనక్కరలేదు; షడ్జమ పంచమాలను నిండుగా పట్టి ఉంటే చాలును.

ఇక ప్యాసివ్ అంటే ఏమిటి? తీగల క్రింద అయస్కాంతాలూ, వాటికి చుట్టిన సన్నని రాగి తీగా ఉంటాయి. ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టి, వైరు గుండా ఆంప్లిఫయరుకు వెళుతుంది. ప్యాసివ్ గిటారులో ఇంతే. బ్యాటరీ లేదు. యాక్టివ్ గిటారు లోపల ఒక చిన్న సర్క్యూటు, దానికి సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. దానితో అడుగు స్వరాన్నీ, పై స్వరాన్నీ కావలసినంత పెంచుకోవచ్చు. వైరు పొడుగైనా నాదం మొద్దుబారదు. ఇవి నిజమైన మేళ్ళే. కాని జాక్ తీయడం మరచిపోతే వాయించకపోయినా ఆ బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. ఆదివారం ఉదయం రెండవ పాటలో బాస్ గరగరమని మూగపోతే, ఆ బ్యాటరీ మన ఊరి కిరాణా కొట్టులో దొరుకుతుందా? అందుకే పల్లె సంఘానికి ప్యాసివ్‌దే మేలని మా అభిప్రాయం. దాని టోన్ మర తగ్గించగలదే గాని పెంచలేదు. వైరు ఇరవై అడుగులకు మించకుండా చూసుకోండి.

దుకాణంలో పేరు చూసి తీసుకోవద్దు. యమహాలోనే బిబి 235 ప్యాసివ్, టిఆర్‌బిఎక్స్ 305 యాక్టివ్. గిటారు వెనుక బ్యాటరీ గూడు ఉందేమో త్రిప్పి చూడండి. స్క్వయర్ అఫినిటీ జాజ్ బాస్ ఐదు తీగలది కూడ ప్యాసివే. ఇలాంటి వాటిలో ట్యూబులైటు దగ్గర గుయ్యిమనే శబ్దం రావచ్చు. రెండు వాల్యూము మరలనూ సమానంగా పెడితే చాలావరకు అణగుతుంది.

వాయించే పిల్లవానినే వెంట తీసుకువెళ్ళండి. మొదట ఐదవ తీగనే మీటమనండి. నాల్గవ తీగంత స్పష్టంగా స్వరం తెలియాలి. ఉత్త గుమగుమ అయితే వద్దు. తీగ పొడుగు సాధారణంగా 34 అంగుళాలు. 35 అయితే ఐదవ తీగ బిగువుగా ఉంటుంది గాని చిన్న చేతులకు కష్టం. పన్నెండవ మెట్టు మీద నొక్కినప్పుడు శృతి తప్పుతున్నదేమో చూడాలి. పట్టీ వేసుకొని పది నిమిషాలు నిలబడమనండి. నాలుగు కిలోలు దాటే బరువు గంటసేపు భుజాన మోయవలసినవాడు అతడే గదా!

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మందిరం మీది బాకా మైకు ఈ అడుగు స్వరాలను పలకనే పలకదు. బాస్‌కు తగిన ఆంప్లిఫయరు కొనలేకపోతే, ఐదవ తీగకు పెట్టిన డబ్బు వినబడదు. ఉన్న సొమ్ములో సగమైనా ఆంప్లిఫయరుకు కేటాయించి, మిగిలినదానిలో గిటారు చూసుకోవడం మంచిది.

దీనికంటె ముఖ్యమైనది ఎర్తు. గిటారు తీగలు వైరు ద్వారా ఆంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. ఎర్తు సరిగా లేని చోట, తీగల మీద చేతులుంచి మైకుకు పెదవి ఆనించి పాడేవానికి షాకు తగలవచ్చు. అది ప్రాణం మీదికి రావచ్చు. బహిరంగ కూటాలలో, తడి నేల మీద, జనరేటరు పెట్టినప్పుడు మరింత ప్రమాదం. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగగొట్టి వాడడం మానాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు పరీక్ష చేయించండి. మైకు సెట్టూ, ఆంప్లిఫయరూ ఒకే బోర్డు నుండి తీసుకొని, షాకు తగిలిన క్షణంలో కరెంటు ఆపే బ్రేకరు పెట్టించండి. గిటారు కొన్నాక చూద్దాం అనుకోకుండా ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

మే నెల ఎండలో రేకుల షెడ్డులో వదిలితే గిటారు మెడ వంగుతుంది. వాయించనప్పుడు సంచిలో పెట్టి, చల్లని గదిలో ఉంచండి. మిరప కల్లాల కాలంలో దుమ్ము తీగలకు పట్టుకుంటుంది గనుక వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తుడవాలి. కొన్న రోజే అదనంగా ఒక తీగల సెట్టు తీసుకోండి. ఐదు తీగల బాస్ సెట్టు అని విప్పి చెప్పండి. లేకపోతే నాలుగు తీగలదే చేతిలో పెడతారు.