దిగుటయే పందెమైన కొండ

విమానపు వెనుక తలుపు తెరచియుండెను. లోపల పన్నెండు చిన్నబండ్లు బారులు తీరి గుర్రుమనుచుండెను. క్రింద ఒక హిమశైలము తెల్లగా మెరయుచుండెను. మా అన్నగారి మనుమడు చేతిలోని కంట్రోలరును బిగించి పట్టుకొని, తెరమీదినుండి చూపు మరల్చకయే, "ఇందులో ల్యాపులు లేవు చిన్నతాతయ్యా, ఒక్కసారే దిగటం" అని నన్ను హెచ్చరించెను. మరుక్షణమున పన్నెండు బండ్లును ఆకాశములోనికి దూకినవి. నేను కూర్చున్న కుర్చీ చేతులను గట్టిగా పట్టుకొంటినని చెప్పుటకు నాకు సిగ్గు లేదు.

ఆ కొండ పేరు మౌంట్ వారియో. జపాను దేశపు నింటెండో సంస్థ 2014లో 'వీ యూ' యంత్రమునకై వెలువరించిన 'మారియో కార్ట్ 8' అను పందెపుటాటలో, స్టార్ కప్ అను నాలుగు పందెముల వరుసకు ఇది కడపటిది. ఆ ఆటయే 2017లో 'స్విచ్' యంత్రముమీదికి 'డీలక్స్' అను తోకతో మరల వచ్చి, ఆరు కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. కొండకు పేరిచ్చిన వారియో, ఈ ఆటల నాయకుడైన మారియోకు ప్రతినాయకుడు. 1992లో గేమ్ బాయ్ ఆటలో మొదట కనిపించిన ధనపిశాచి. 'చెడ్డ' అను అర్థముగల 'వరుయి' అను జపాను మాటను మారియో పేరుతో అతికింపగా ఆ పేరు పుట్టినది. అంతటి లోభికి ఇంతటి ఉదారమైన కొండ ఎట్లు దక్కినదని నాకు ఇప్పటికిని ఆశ్చర్యమే.

ఇందలి విశేషము తెలియవలెనన్న ముందుగా మామూలు పందెపుబాటల సంగతి చెప్పవలెను. అవి గానుగెద్దు బాటలు. బయలుదేరినచోటికే తిరిగివచ్చి, అట్లు మూడుమారులు చుట్టినగాని పందెము ముగియదు. చుట్టి రావలసిన బాటకు ఒక తీరని ఋణమున్నది: ఎంత దిగిన అంత ఎక్కవలెను. 1992లో వెలువడిన మొదటి 'సూపర్ మారియో కార్ట్'లో ఆ చిక్కే లేదు, ఏలయనగా ఎత్తుపల్లములే లేవు. బల్లపరుపైన బొమ్మనొకదానిని యంత్రము గిరగిర త్రిప్పుచు, పెంచుచు, తగ్గించుచు నేలవలె భ్రమింపజేసెడిది. 1996లో 'మారియో కార్ట్ 64' వచ్చిన పిమ్మట గదా బాటలకు గుట్టలును లోయలును అబ్బినవి. వానితోపాటే ఋణమును వచ్చినది. 2008 నాటి 'మారియో కార్ట్ వీ'లో 'డీకే సమ్మిట్' అను మంచుకొండను కల్పించినవారు ఈ ఋణమును తీర్చుటకు ఒక గడుసు ఉపాయము పన్నిరి. ప్రతి చుట్టులోను బండిని ఒక పీపాఫిరంగిలో కూరి శిఖరముమీదికి పేల్చుదురు. అక్కడినుండి జారిదిగి, మరల వచ్చి, మరల ఫిరంగి నోటబడవలసినదే. ఉపాయము మెచ్చదగినదే గాని, రెండవమారు పేలునప్పటికి కొండమీది గౌరవము సగము తగ్గును.

2011 నాటి 'మారియో కార్ట్ 7'లో మూడు చుట్లకు బదులు ఒకే దీర్ఘప్రయాణమును మూడు ఖండములుగా విభజించు పద్ధతి ఏర్పడినది. మౌంట్ వారియో ఆ పద్ధతిని తీసికొని, దానిని కొండ తలనుండి పాదమువరకు నిలువునా పరచినది.

భర్తృహరి సుభాషితములు చదివినవారికి, గంగ ఆకసమున మొదలై మెట్టుమెట్టుగా పాతాళమువరకు దిగజారిన తీరు జ్ఞాపకముండును. వివేకము తప్పినవారి పతనమునకు ఆ కవి దానిని ఉపమానము చేసెను. ఈ ఆటను కూర్చినవారు అట్టి పతనమునే పండుగ చేసిరి. విమానమునుండి దూకినవారు శిఖరపు మంచుమీద పడి, నునుపైన వాలుమీద జారుచు, గడ్డకట్టిన గుహలోనికి దూరుదురు. గుహ దాటి కొంత దిగినంతనే ఒక మహత్తరమైన ఆనకట్ట ఎదురగును. దాని గోడ నిట్టనిలువుగా నున్నది; బండి ఆగదు. చక్రములు నాలుగును ప్రక్కకు ఒరగి, నేలకు సమానముగా పరచుకొని వెలుగులు చిమ్మగా, బండి బల్లివలె గోడను పట్టుకొని పరుగెత్తును. భూమ్యాకర్షణకు అతీతమైన ఇట్టి చోట్ల మరియొక వింత గలదు: ప్రక్కవానిని ఢీకొనినచో వేగము తగ్గుటకు మారుగా పెరుగును. మా పిల్లవాడు ఈ మర్మమెరిగినవాడగుటచే, తన కెట్టి అపకారమును చేయని ఒక తాబేలుమీదికి పనిగట్టుకొని పోయి రెండుమారులు రాచుకొని, ముందునకు దూసికొనిపోయెను.

ఆ పిమ్మట అడవి. మంచు కప్పిన చెట్లు దారిలోనే నిలిచియుండును. వాని నడుమ మలుపులు తిరుగుటకు 'డ్రిఫ్ట్' అను విద్య కావలెను: బొటనవ్రేలితో బండిని మలుపులోనికి త్రిప్పి, చూపుడువ్రేలిక్రింది మీటను నొక్కిపట్టినచో అది అడ్డముగా జారుచుండును, కొంతసేపటికి చక్రములక్రింద నీలిరవ్వలు పుట్టును, ఇంకను ఓర్చినచో అవి నారింజవన్నెకు తిరుగును, అప్పుడు మీటను విడువగా బండి విల్లు విడిచిన బాణమగును. ఓర్పు కొంత మితిమీరినచో చెట్టే గతి.

కొసకు మంచుక్రీడల మైదానము. స్కీ పందెములలో 'స్లాలమ్' అనబడు వంకరటింకర దారి ఇక్కడ కార్ట్ బండ్లకు పరచబడినది. ఆ మాట నార్వే భాషనుండి వచ్చినది. దాని నడుమ 'మోగుల్స్' అను మంచుబొడిపెలు వరుసగా ఉండును. ఒక్కొక్క బొడిపె కొనను బండి ఎగురు క్షణమున మీట నొక్కినచో, సారథి గాలిలో ఒక గారడి చేయును, నేలను తాకినప్పుడు కొంత వేగము బహుమానముగా దొరకును. టక్కుటక్కుమని ఆ నొక్కుడు పడుచుండగా ఆ బాలుని ముఖమున నేను చూచిన ఏకాగ్రతను అతని లెక్కల పుస్తకము ఎన్నడును ఎరుగదు. సంగీతమును కొండతోపాటే మారును. ఖండము మారినప్పుడెల్ల స్వరూపము మార్చుకొని, గమ్యము దాపునకు వచ్చుకొలది ఉత్సాహము హెచ్చును. తుదకు పెద్ద గంతొకటి వేసి, గాలిలో తేలుచు, జనసందోహము నడుమ గీతను దాటవలెను.

చుట్టుబాటలో మొదటిసారి చేసిన పొరపాటును రెండవ చుట్టులో సవరించుకొనవచ్చును. ఇక్కడ ఆనకట్ట ఒక్కమారే వచ్చును, అడవి ఒక్కమారే వచ్చును. మొత్తము ఆటలో నాకు ఈ బాటయే ఉత్తమమని తోచుటకు కారణమిదియే. 2015 ఏప్రిలులో ఉచితముగా చేర్చిన 200 సీసీ అను అతివేగపు తరగతిలో మాత్రము దీని సొగసు చెడినదని నా అభిప్రాయము. ఆ వేగమున దృశ్యము దృశ్యముగా నిలువదు.

ఆనాడు చివరకు కంట్రోలరు నా చేతికిని వచ్చినది. మొదటి దూకుడు బాగుగనే సాగినది. గుహలో రెండుమారులు గోడ తగిలినది, అడవిలో మూడు చెట్లు తగిలినవి, ఆనకట్టను చూచిన జ్ఞాపకమే లేదు. నేను పన్నెండవ స్థానమున దిగితిని. పందెమున పాల్గొన్నవారు పన్నెండుగురే.