కారులోని ఉత్ప్రేరకము – దాని దోషనిర్ణయము

తాను మార్పు చెందక రసాయనచర్య వేగమును మార్చు పదార్థమే ఉత్ప్రేరకమని ఇంటర్మీడియట్ విద్యార్థి యెరుగును. అట్టి పదార్థము తన వీధిలో నిలిచియున్న కారు క్రింద, సైలెన్సరు గొట్టమునకు బిగించిన ఒక ఉక్కు డబ్బాలో కలదను సంగతి మాత్రము చాలమందికి తెలియదు. దీనినే కేటలిటిక్ కన్వర్టర్ అందురు. మన దేశమున 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి. సీసము ఈ ఉత్ప్రేరకమునకు విషము. కావున సీసము లేని పెట్రోలును కూడ ఆ నగరములకు అప్పుడే తెచ్చిరి. 2000 నాటికి అది దేశమంతటను వ్యాపించినది. నేడు గుంటూరు మిర్చియార్డు ముందు ఆగు పెట్రోలు కార్లలో కన్వర్టర్ లేకుండ తయారైనది అరుదు.

మన ప్రాంతమున చిన్న ఉద్యోగులు, రైతులు సెకండుహ్యాండు కార్లు కొనుట సర్వసాధారణము. కొన్న కొన్నాళ్లకు ఇంజను బొమ్మగల పసుపుపచ్చ దీపము వెలుగును. స్కానరు తగిలించి చూడగా ‘పి 0420’ అను సంకేతము కనబడును. ‘కన్వర్టర్ పోయినది, మార్చవలె’నని ఒకరందురు. ‘ఎందుకండీ అంత ఖర్చు, లోపలిది పగులగొట్టి ఖాళీ డబ్బా వెల్డింగు చేయించుకొనుడు’ అని మరియొకరందురు. మొదటి సలహా వేలకొలది రూపాయలను, రెండవ సలహా మనము పీల్చు గాలిని హరించును. రెండవది చట్టవిరుద్ధము కూడ. పరీక్ష చేయకుండ ఈ రెంటిలో దేనిని పాటించుటయు తగదు.

డబ్బా లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ యుండును. దాని సన్నని గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహములు పూయబడి యుండును. విషవాయువగు కార్బన్ మోనాక్సైడును, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరిని ఇది ఆక్సీకరించును; నైట్రోజన్ ఆక్సైడులను క్షయకరించి నైట్రోజనుగా మార్చును. ఈ రెండు విరుద్ధ చర్యలును ఏకకాలమున జరుగవలెనన్న, పెట్రోలు ఒక పాలునకు గాలి సుమారు 14.7 పాళ్లు తూకమున కలియవలెను. ఆ పాలు తప్పకుండ కాచునదే ఆక్సిజన్ సెన్సరు. బాష్ సంస్థ తయారుచేసిన ఈ సెన్సరు 1976లో వోల్వో కారులో తొలిసారి వాడుకకు వచ్చినది. ఇందలి జిర్కోనియా పింగాణీ సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడెక్కిన పిమ్మట, పొగలో ఆక్సిజన్ మిగిలినచో 0.1 వోల్టు ప్రాంతమున, మిగులనిచో 0.9 వోల్టు ప్రాంతమున విద్యుత్తును ఇచ్చును.

సెన్సర్లు సాధారణముగా రెండు: కన్వర్టరుకు ముందొకటి, వెనుక నొకటి. ముందుది చెప్పినట్లు కంప్యూటరు పెట్రోలును పెంచుచు తగ్గించుచు నుండును. అందుచే దాని వోల్టేజి నిరంతరము పైకి క్రిందికి ఊగుచుండును. కన్వర్టరులోని సీరియం ఆక్సైడు ఆక్సిజనును దాచుకొని, అవసరమగునపుడు విడుచును గనుక వెనుక సెన్సరు 0.6, 0.7 వోల్టుల వద్ద నిలకడగా నుండవలెను. వెనుకది కూడ ముందుదానివలె ఊగనారంభించినచో కంప్యూటరు వ్రాయు సంకేతమే పి 0420. అనగా అది ఒక అనుమానమే గాని తీర్పు కాదు.

కావున సాక్షిని ముందు పరీక్షింపవలెను. ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత నిమిషమునకు 2500 చుట్ల వద్ద నిలిపి రెండు వోల్టేజీలను స్కానరుపై చూడవలెను. ముందు సెన్సరు కదలక నిలిచినచో, గాలి లోనికి పోవు మార్గమున కొద్దిగా గ్యాసు వదలిన 0.9కు ఎక్కునా, ఒక వాక్యూమ్ గొట్టము ఊడదీసిన 0.1కు దిగునా అని పరీక్షించుట మంచిది. ఎక్కి దిగినచో సెన్సరు బ్రతికియున్నది. దోషము మరెక్కడనో కలదు. (కొన్ని క్రొత్త కార్లలో ముందు సెన్సరు వేరు జాతిది, దానికి ఈ ఊగుట యుండదు.) సెన్సరును వేడిచేయు హీటరు, దాని ఫ్యూజు, తీగలు చూడవలెను. పంట యిండ్లకు చేరు కాలమున ఇంటి ముందు నిలిపిన కార్ల తీగలను ఎలుకలు కొరుకుట మనకు క్రొత్త కాదు. సైలెన్సరు గొట్టమున సెన్సరుకు ముందు రంధ్రమున్నను బయటి గాలి లోనికి చొరబడి సెన్సరు అబద్ధము చెప్పును. ఐదువందల రూపాయల వెల్డింగుతో పోవు దోషమునకు కన్వర్టరు మార్చినవారు కలరు.

సాక్షి సత్యవంతుడే యని తేలినచో కన్వర్టరు దోషమును ఒప్పుకొనక తప్పదు. అయినను అది తనంత తాను చెడుట అరుదు. చంపినదెవరో కనుగొననిచో క్రొత్తదియు అదే దారి పట్టును. ఇంజను మిస్సింగ్ కొట్టినపుడు కాలని పెట్రోలు డబ్బాలో మండి తేనెపట్టును కరిగించును. దీపము నిలకడగా వెలుగుటకు బదులు మినుకు మినుకుమన్నచో భావమిదియే. అప్పుడు వెంటనే వేగము తగ్గించి, వీలైనంత త్వరగా బండి నిలుపవలెను. ఇంజను ఆయిలు తాగుచున్నచో అందలి భాస్వరము, కూలెంటు లీకైనచో అందలి సిలికా ఉత్ప్రేరకముపై పొరగా కప్పును. విప్పిన సెన్సరు కొన నల్లని మసి పట్టినచో పెట్రోలు ఎక్కువైనదనియు, తెల్లని పొర పట్టినచో కూలెంటు చేరినదనియు అనుమానింపవచ్చును.

పికప్ లేకపోవుట వేరు వ్యాధి. తేనెపట్టు కరిగి దారి మూసికొనినదా అని తెలిసికొనుటకు ముందు సెన్సరును విప్పి ఆ రంధ్రమునకు ప్రెషరు గేజి బిగింపవలెను. 2500 చుట్ల వద్ద మూడు పి.ఎస్.ఐ. దాటినచో అడ్డు ఉన్నట్లే. చల్లారిన డబ్బాను రబ్బరు సుత్తితో తట్టినపుడు గలగలమన్నచో దిమ్మ విరిగినది.

‘చల్లారిన’ అను మాటను ఊరక వ్రాయలేదు. పనిచేయు కన్వర్టరులో వేడి 400 నుండి 800 డిగ్రీల వరకు ఉండును. మిరపకాయలు ఆరబోసిన కల్లములోనికి, పత్తికట్టె ఎండిన చేలగట్లమీదికి కారును తోలి నిలుపుట ప్రమాదకరము. మిస్సింగ్ కొట్టు కారైనచో ఆ వేడి మరింత హెచ్చును.

మార్చుట తప్పనపుడు పాత కన్వర్టరును వదలక అడిగి తీసికొనవలెను. అందలి లోహములకు మంచి ధర పలుకును. సంకేతమును చెరిపినంత మాత్రమున పని ముగియదు. కంప్యూటరు తన పరీక్షను తిరిగి జరుపుకొనవలెను. ఊరిలోని చిన్న ప్రయాణములు అందుకు చాలవు. గుంటూరు నుండి లాం మీదుగా అమరావతి వరకు ఒకే వేగమున పోయివచ్చి, ఆ పిమ్మట స్కానరు మరల తగిలించి చూడవలెను.