మూడు బూరలు – ఒక పాట

పెండ్లి ఊరేగింపులో సినిమా పాటలు వాయించే బ్యాండు మేళాన్ని ఎరుగనివారు మనలో ఉండరు. ఒకరు పాడి ప్రసిద్ధికి తెచ్చిన పాటలను వేదికపై తిరిగి వినిపించే బృందాలు పాశ్చాత్య దేశాలలోను ఉన్నవి. వాటిని ‘కవర్ బ్యాండు’లంటారు. ఇట్టి బృందంలో గిటారు, డ్రమ్ములు, కీబోర్డులకు తోడుగా జట్టుకట్టి వాయించే సుషిర వాద్యాలను ‘హారన్ సెక్షన్’ అంటారు. 1967లో అమెరికాలో ఏర్పడి, తరువాత ‘చికాగో’ అనే పేరుతో ప్రసిద్ధి పొందిన బృందంలో ట్రంపెట్, శాక్సఫోన్, ట్రాంబోన్ అనే మూడు వాద్యాలు ఉండేవి.

అట్టి పాటను రికార్డులో విని, స్వరాలు వ్రాసి, ఆ ఒక్క కాగితాన్నే ముగ్గురికీ ఇస్తే ఏమవుతుంది? కాగితంపై ‘సి’ స్వరం ఉంటే ట్రాంబోన్ ‘సి’ పలుకుతుంది. సాధారణమైన ట్రంపెట్ ‘బి-ఫ్లాట్’ పలుకుతుంది. ఆల్టో శాక్సఫోన్ ‘ఇ-ఫ్లాట్’ పలుకుతుంది! తప్పు వాయించేవారిది కాదు. ఒకే జాతి వాద్యాలలో చిన్నవి, పెద్దవి ఉన్నవి. వాద్యం మారినా వ్రాతకు, వ్రేళ్ళకు గల సంబంధం మారకుండా ఉండడానికి ఈ పద్ధతి ఏర్పడింది. కనుక ‘సి’ వినిపించాలంటే ట్రంపెట్‌కు రెండు అర్ధస్వరాలు హెచ్చించి ‘డి’ అని, ఆల్టోకు తొమ్మిది హెచ్చించి ‘ఎ’ అని వ్రాయాలి.

గిటారుకు ‘ఇ’ శ్రుతి సుఖం. కాని అప్పుడు ట్రంపెట్ కాగితంలో ఆరు, ఆల్టో కాగితంలో ఏడు షార్పులు వస్తాయి. గాయకుని కంఠం అంగీకరిస్తే, పాటను ఒక్క అర్ధస్వరం పెంచి ‘ఎఫ్’లో పెట్టవచ్చును. అప్పుడు ట్రంపెట్‌కు ఒకటి, ఆల్టోకు రెండు షార్పులే మిగులుతాయి.

ఇక స్వరాల పంపకం. సి, ఇ, జి, బి-ఫ్లాట్ కలిసిన స్వరసముదాయంలో ‘సి’ని బాస్ గిటారు ఎలాగూ వాయిస్తుంది. ట్రాంబోన్‌కు ‘ఇ’, ఆల్టోకు ‘జి’, ట్రంపెట్‌కు ‘బి-ఫ్లాట్’ ఇస్తే చాలు. మంద్రస్థాయిలో మాత్రం స్వరాలను దగ్గర దగ్గరగా ఉంచరాదు. అక్కడ వాటి పౌనఃపున్యాల భేదం స్వల్పం కనుక, విస్పందనాలు చెవికి గరగరగా తోస్తాయి.

కాగితం సరిగా ఉన్నా గొట్టాల లెక్క వేరే ఉన్నది. ట్రంపెట్‌లో రెండవ వాల్వు నొక్కితే గొట్టం పొడవు సుమారు 5.9 శాతం పెరిగి, ధ్వని ఒక అర్ధస్వరం తగ్గాలి. మొదటిది 12.2 శాతం పెంచి రెండు అర్ధస్వరాలు, మూడవది 18.9 శాతం పెంచి మూడు అర్ధస్వరాలు తగ్గించాలి. ఈ కొలతలకే చేస్తే మూడూ కలిసి పెంచేది 37 శాతం. కాని ఆరు అర్ధస్వరాలు తగ్గడానికి 41.4 శాతం కావాలి! ఈ లోటువల్ల స్వరం హెచ్చుగా పలుకుతుంది. అందుకే వాద్యగాడు మూడవ వాల్వు గొట్టాన్ని వ్రేలితో కొంచెం ముందుకు జరుపుతాడు. ట్రాంబోన్‌లో గొట్టమే జారుతుంది కనుక దాని వాద్యగాడు చెవినే నమ్ముకోవాలి.

వేడి మరొక చిక్కు. గాలిలో ధ్వనివేగం 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సెకండుకు సుమారు 343 మీటర్లు. 30 డిగ్రీల వద్ద 349. వాద్యంలోని గాలి అంతగా వేడెక్కితే శ్రుతి దాదాపు అర్ధస్వరంలో మూడవవంతు పెరుగుతుంది. గిటారు తీగ వేడికి సాగి శ్రుతి తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డు మారదు. అందుచేత కొంతసేపు ఊది, వాద్యం వెచ్చబడిన తరువాతనే శ్రుతి చేయాలి.

సాధన కూడ ఈ లెక్కలనే అనుసరించాలి. ముందు ముగ్గురే, డ్రమ్ములు లేకుండ, నెమ్మదిగా వాయించాలి. ఒక్కొక్క స్వరసముదాయాన్ని నిలిపి, విస్పందనాలు అణగేవరకు సరిచేసుకోవాలి. ఊపిరి తీయవలసిన చోట్లు ముగ్గురి కాగితాలలోను గుర్తించాలి. స్వరం ఎప్పుడు మొదలు కావాలో అందరూ చూస్తారు. ఏ దెబ్బమీద ఆగాలో కూడ ముందే నిర్ణయించుకున్నప్పుడే మూడు బూరలు ఒక్క బూరగా వినిపిస్తాయి.